హౌకివారా చివరి తీర్మానం

పట్టుమని రెండు వేల మంది లేని ఊరికి చరిత్రట! అదీ ఫిన్లాండులో. అదీ ఇప్పుడు లేని ఊరికి. అంటే ఇళ్లున్నాయి, చెరువుంది, చర్చి ఉంది, పంచాయతీ మాత్రం లేదు. యాభై ఏళ్ల కిందట పక్క టౌనులో కలిపేశారు. కలిపేసినందుకు ఇప్పుడు ఉత్సవం చేస్తారట, ఆ ఉత్సవానికి పుస్తకం వేస్తారట, ఆ పుస్తకాన్ని సింగపూర్‌లో కూర్చుని మా అమ్మాయి రాస్తుందట. వినగానే పడీపడీ నవ్వాను.

నా పేరు కేశవరావు. గుంటూరు జిల్లాలో ముప్ఫై నాలుగేళ్లు పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఉజ్వల సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో పన్నెండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. రెండు నెలలు ఉండి వెళ్దామని వచ్చాను. దాని ఉద్యోగం భరద్వాజ్ అనే తెనాలివాడి కంపెనీలో. డబ్బున్నవాళ్ల తాతలూ ముత్తాతలూ ఏం వెలగబెట్టారో తళతళలాడే కాగితం మీద అచ్చేసి ఇవ్వడమే వాళ్ల వ్యాపారం. ఆ తాతలు ఏమీ వెలగబెట్టకపోయినా ఇస్తారు.

ఈసారి పుస్తకం వేయిస్తున్నది యూహా కోస్కెలా అని అరవయ్యేళ్ల ఫిన్లాండు మనిషి. ఓడల సామాను వ్యాపారం, ఇక్కడే పాసిర్ రిస్‌లో సముద్రం కనపడే ఇల్లు. హౌకివారా పంచాయతీకి ఆఖరి చైర్మన్ ఈయన తాత. హౌకి అంటే ఒక రకం చేపట, వారా అంటే కొండట. చేపకీ కొండకీ ఏం సంబంధమో నన్నడక్కండి.

ఒక ఆదివారం భరద్వాజ్ మా ఇంటికి దోసెలు తినడానికి వచ్చాడు. నేను చేసిన ఉద్యోగం ఏమిటో తెలిసేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అంకుల్! లైఫంతా మినిట్సే రాశారా మీరు? నా దగ్గర ఆ ఫిన్లాండు ఊరి వందేళ్ల మినిట్స్ ఉన్నాయి. స్కాన్ చేసి పంపారు, కంప్యూటర్ ఇంగ్లిష్‌లోకి మార్చేసింది. పద్నాలుగు వందల పేజీలు. కాస్త చదివి ఇంపార్టెంట్ వాటికి టిక్ పెట్టండి అంకుల్, ఉజ్వలకి లోడ్ తగ్గుద్ది."

"నాకేంటి జీతం?" అన్నాను.

"రోజూ కాఫీ నాది."

సరేనన్నాను. ఈ దేశంలో నాకు వేరే పనేముంది కనక! పొద్దున్నే కాగితాల కట్ట పట్టుకుని మా బ్లాకు పక్కన తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్లేవాణ్ని. అక్కడ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి పోతే ఆ టేబుల్ మనదైనట్టే, దాన్ని చోప్ చేయడం అంటారు. మన వైపు బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టన్నమాట. దీనికే ఇక్కడివాళ్లు కొత్తగా ఏదో కనిపెట్టినట్టు మురిసిపోతారు. నేను హౌకివారా కట్టనే పడేసి కాఫీకి వెళ్లేవాణ్ని. దాన్ని ఎవరూ ఎత్తుకుపోరని నాకు గట్టి నమ్మకం.

ఆ చరిత్ర ఎంత గొప్పదంటే, మొదటి సభ 1869లో జరిగింది. అప్పటిదాకా ఊరి పెత్తనం చర్చిది. దాన్నుంచి విడదీసి సభ పెట్టుకున్నారు. అంతకు ముందే మూడేళ్లు కరువు, జనం చెట్ల బెరడు పిండిలో కలుపుకుని తిన్నారు. సభ మొదలెట్టగానే మొదటి గొడవ తోడేలుని చంపినవాడికి బహుమానం ఇవ్వాలా వద్దా అని. తర్వాత ఒక వంతెన. ఆ వంతెన కోసం ఇరవై ఆరేళ్లు కొట్టుకున్నారు మహానుభావులు. కట్టాక చూస్తే దాని పొడవు పదకొండు మీటర్లు. మా ఊళ్లో సాగర్ కాలవ మీద ఇంతకంటే పెద్దది ఒక్క వేసవిలో కట్టి, తర్వాతి వేసవికి కూలగొట్టుకున్నాం కూడా.

1957లో అయితే ఊరికి ఒక చిహ్నం కావాలని కమిటీ వేశారు. చేప ఎటు వైపు చూడాలన్న దాని మీద మూడు సభలు! ఊళ్లో డాక్టరు లేడు, బడి కప్పు కారుతోంది, చేప ఎడమకి చూడాలో కుడికి చూడాలో వీళ్లకి కావాలి. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అని ఊరికే అన్నారా మనవాళ్లు!

ఆ కార్యదర్శులంటే నాకు మరీ ఒళ్లు మండింది. ఒక్కడికీ రాత రాదు. ఎవడేమన్నాడో అదే రాస్తారు. ఎవడు లేచి బయటికి పోయాడో, ఎవడు మళ్లీ వచ్చాడో, అన్నీ రాస్తారు. పాతరోజుల్లో అక్కడ దిక్కులేని ముసలివాళ్లనీ అనాథపిల్లల్నీ వేలం వేసేవాళ్లు. మన చేపల చెరువు వేలం తెలుసుగా, ఎక్కువకి పాడినవాడిది చెరువు. వాళ్లది తిరగేసి. ఈ ముసలమ్మని ఏడాది పోషించడానికి నాకింత చాలు అని అందరికంటే తక్కువకి పాడినవాడు ఆవిణ్ని తీసుకుపోవచ్చు. అది కూడా దాచకుండా రాశారు. ముసలమ్మ పేరు, వయసు, ఒక కన్ను కనపడదన్న సంగతి, పాడినవాడి పేరు. చదువుతుంటే కాఫీ చల్లారిపోయింది. మేమైతేనా, నిరుపేదల పోషణ నిమిత్తము తగు ఏర్పాట్లు ఆమోదించడమైనది అని ఒక్క ముక్కలో ముగించేవాళ్లం. వందేళ్ల తర్వాత సెంగ్‌కాంగ్‌లో కూర్చున్నవాడి కాఫీ చల్లారేది కాదు.

ఆఖరి సభ 1972 డిసెంబరులో. కుర్రాళ్లంతా స్వీడన్ ఫ్యాక్టరీలకి పోయారు, బళ్లో పిల్లల్లేరు, టౌనులో కలవాలా వద్దా అన్నదే విషయం. పదిహేడు మంది సభ్యుల్లో పదహారు మంది కలుద్దామన్నారు. హిల్మా రౌతియో అనే ఒక పాడిరైతు మాత్రం వద్దంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి! వద్దంటే వద్దంది, పోనీ ఊరుకుందా? నా మాట రాయండి అంది. ఆ కార్యదర్శి, లాహ్తి అని పేరు, అర పేజీ రాశాడు.

ఆవిడ అన్నది ఇది: "బళ్లో పిల్లలు లేరు కనుక టౌనులో కలుద్దాం అంటున్నారు. కలిశాక ఆ ఉన్న బడి కూడా మూస్తారు. అప్పుడు నేనెవరిని అడగాలి? ఇక్కడైతే చైర్మన్ గారి ఇంటికి నడిచి వెళ్లి తలుపు కొడతాను. టౌనులో నా మొహం ఎవరికి తెలుసు? మీరంతా ఒప్పుకున్నారు, నేను ఒప్పుకోలేదు. ఇది నేనన్నట్టుగా రాయండి."

కింద కార్యదర్శి సంతకం. రాసింది సరిగ్గా ఉందని సరిచూసిన ఇద్దరు సభ్యుల సంతకాలు. ఆ లాహ్తికి టౌనులో ఉద్యోగం ఇస్తామని అంతకు ముందు పేజీలోనే తీర్మానం ఉంది. అంటే విలీనం జరిగితే బాగుపడేవాడు వాడే. పదహారుకి ఒకటి, ఏకగ్రీవం అని పారేస్తే అడిగేవాడు లేడు. అయినా రాశాడు, వెర్రి వెంగళప్ప. నేను టిక్ పెట్టకుండా పేజీ తిప్పేశాను.

ఉజ్వల ఊరుకుంటేగా! సాయంత్రం కట్ట తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగిపోయింది.

"నాన్నా, దీనికి టిక్ పెట్టలేదేంటి? బుక్ మొత్తానికి ఇదే ప్రాణం!"

"ఒక ముసలిదాని గొణుగుడే తల్లీ ప్రాణం? వంతెన గురించి రాసుకో."

అది నా మాట వినలేదు. ఆఖరి అధ్యాయం అంతా హిల్మా చుట్టూ రాసింది. బాగా రాసింది, కాదనను. కోస్కెలా చదివాడు. చదివి, ఆ పేజీ తీసేయండి, సభ్యులందరూ ఒక్క మాట మీద నిలబడ్డారని రాయండి అన్నాడు. తాత పేరు మీద జరిగే పండగ, అందులో ఈ ఏడుపెందుకని ఆయన బాధ. తీయను, మినిట్స్‌లో ఉన్నదాన్ని తిరగేసి రాయను అని మా అమ్మాయి. ఇద్దరి మధ్యా భరద్వాజ్ ముఖం వాడిపోయింది.

వాడు నాకు ఫోన్ చేశాడు. "అంకుల్, మీరైనా చెప్పండి. శుక్రవారం కోస్కెలాతో ఫైనల్ మీటింగ్. మీరూ రండి. థర్టీ ఫోర్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్ ఉన్న ఆఫీసర్ అని చెప్పాను. ఉజ్వల వర్క్ పాస్ రెన్యూవల్ వచ్చే నెల. క్లయింట్ ముందు ఎదురు తిరిగిందంటే నేను సైన్ చేయలేను అంకుల్, నా కంపెనీ చిన్నది."

ఉద్యోగం పోతే ఆ పాసూ పోతుంది, నెల రోజుల్లో దేశం వదలాలి ఇక్కడ. ముప్ఫై ఆరేళ్ల పిల్ల, ఎనిమిదేళ్లుగా ఒంటరిగా కూడదీసుకున్న బతుకు. ఎవరో చేపల ఊరి ముసలిదాని కోసం దాన్ని పెట్టెలో సర్దుకోవాలా?

ఆ రాత్రి అన్నం దగ్గరే చెప్పాను. "తీసేయవే. పోయేదేముంది? హిల్మా లేచొచ్చి అడుగుతుందా?"

"అది జరిగింది కదా నాన్నా."

"మినిట్స్ అంటే జరిగింది కాదమ్మా. జరిగినట్టు ఉండాల్సింది. సదరు విషయమును సభవారు కూలంకషంగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది. ఈ ఒక్క వాక్యం మీద ముప్ఫై నాలుగేళ్లు మన కుటుంబం తిన్నది."

అది చెయ్యి కడుక్కుని లేచిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది, అది ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను రిటైరయ్యే ముందు ఏడాది మా పంచాయతీని మునిసిపాలిటీలో కలపమని పైనుంచి మాటొచ్చింది. తీర్మానం కావాలి. మా దగ్గర పద్ధతి మీకు తెలిసిందే, ముందు సంతకాలు, తర్వాత తీర్మానం. హాజరు కోసమని పుస్తకంలో సంతకాలు తీసుకుని, పైన ఖాళీ వదిలి, తీరిగ్గా నింపుకుంటాం. మీటింగులు జరగని నెలల్లో అటెండరు పుస్తకం చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. ఆడ మెంబర్లయితే మరీ తేలిక, మొగుళ్లే పెట్టేస్తారు.

ఆరో వార్డు మెంబరు తారాదేవి మాత్రం ఆ రోజు తనే ఆఫీసుకొచ్చింది. "కలిస్తే ఉపాధి పని పోద్దంట గదండీ కార్యదర్శి గారూ. మా వార్డులో అరవై మంది ఆడాళ్లు ఆ పని మీదే బతుకుతన్నారు. నాకిష్టం లేదని రాయండి" అంది. అలాగేనమ్మా అని ఒక చిత్తుకాగితం మీద రాసుకున్నాను, ఆవిడ ఎదురుగానే. ఆవిడ వెళ్లాక కాగితం చించేశాను. సాయంత్రం వాళ్లాయన వచ్చి సంతకం పెట్టాడు. ఏకగ్రీవం.

మూడు నెలలకి ఉపాధి పని ఆగిపోయింది. ఆవిడ మళ్లీ వచ్చి పుస్తకం చూపించమంది. ఐదో క్లాసు చదువు, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "వద్దని నేనే రాయించానని మా వోళ్లకి చెప్పానండీ. ఇప్పుడు నన్నే అబద్ధాలకోరంటారు" అంది. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. పై ఎన్నికల్లో ఆవిడ కౌన్సిలరుగా నిలబడితే సొంత వార్డే ఓడించింది. ఆ తర్వాత ఆ వీధిలోకి నేను పోలేదు. సిగ్గేసింది, అందుకని.

శుక్రవారం వచ్చింది. భరద్వాజ్ ఆఫీసు గదిలో నలుగురం కూర్చున్నాం. కోస్కెలా పొడుగ్గా, నిదానంగా ఉన్నాడు. మీటింగ్ అంటే మినిట్స్ ఉండాలన్నాడు, వాళ్ల అలవాటట. భరద్వాజ్ వెంటనే నా ముందు పుస్తకం తోశాడు. "మా అంకుల్ ఎక్స్‌పర్ట్ సార్, ఆయన రాస్తారు."

నేను పేజీ తెరిచి, తేదీ వేసి, హాజరుకి పేజీ అడుగున సంతకాలు పెట్టమన్నాను. ముగ్గురూ పెట్టారు. పైన బోలెడు ఖాళీ వదిలాను. చెయ్యి దానంతటదే వదిలింది.

చర్చ ఎంతోసేపు సాగలేదు. కోస్కెలా నన్నే అడిగాడు. మీ దేశంలో పెద్ద ఆఫీసరు కదా మీరు, ఇలాంటి పుస్తకంలో ఆ ఒక్క ఆవిడ మాట ఉండి తీరాలా అన్నాడు. అక్కర్లేదు సార్ అన్నాను. ఒక్క ఓటు ఎక్కడైనా ఉంటుంది, తీర్మానమే ముఖ్యం అన్నాను. ఉజ్వల వైపు చూడలేదు. అయితే తీసేద్దాం అన్నాడాయన. భరద్వాజ్ ముఖంలోకి కళ తిరిగొచ్చింది.

అప్పుడు ఉజ్వల గొంతు సర్దుకుంది. "ఈ నిర్ణయానికి నేను ఒప్పుకోవడం లేదు. మీరు చెప్పినట్టే దిద్ది ఇస్తాను, అది నా ఉద్యోగం. కానీ ఒప్పుకోలేదని మినిట్స్‌లో రాయండి." ఇంగ్లీషులోనే అంది, నెమ్మదిగా. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అంది. "రాయండి నాన్నా."

భరద్వాజ్ నన్ను చూసిన చూపు నాకర్థమైంది. కోస్కెలాకి మాత్రం అందులో వింతేమీ కనపడలేదు. తప్పకుండా రాయాలి, అది ఆమె హక్కు అన్నాడు. టైం చూసుకుని, అందరికీ చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. ఎంత విచిత్రం! చచ్చిపోయిన ఆవిడ మాట తీసేయమన్నవాడే బతికున్న పిల్ల మాట రాయమంటున్నాడు. వీళ్లకి బుర్ర ఏ వైపు ఉంటుందో అనుకున్నాను.

ఉజ్వల నీళ్ల కోసం బయటికెళ్లింది. భరద్వాజ్ నా పక్కన కూర్చుని మెల్లగా, "అంకుల్, ఇది ఫైల్‌లో ఉంటుంది. రేపు రెన్యూవల్‌కి నా పార్ట్‌నర్ చూస్తాడు. ఇంక మీ ఇష్టం" అన్నాడు.

నేను పెన్ను తీశాను. ఖాళీ సరిగ్గా సరిపోయింది. సభ్యులు విషయాన్ని సమగ్రంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించారు. ఇంగ్లీషులో రాశాను గానీ చెయ్యి పాతదే, ఒక్క చోట కూడా తడబడలేదు. భరద్వాజ్ ఫోటో తీసి అందరికీ పంపించాడు.

రైల్లో ఇద్దరికీ సీట్లు దొరికాయి. రెండు స్టేషన్లు దాటాక ఉజ్వల ఫోన్ తీసింది. ఆ ఫోటో తెరిచింది. కింద తన సంతకం చూసుకుంది, పైన నా రాత చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. నేను ఎదురుగా ఉన్న తలుపు మీద స్టేషన్ల పేర్లు చదువుతూ కూర్చున్నాను.

"నేను వద్దన్నాను కదా నాన్నా."

"నీ పాసు కోసమేనమ్మా. నీ మేలు కోరే చేశాను. తండ్రినే, పగవాణ్ని కాను కదా."

అది కేకలు వేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండేది. ఫోన్ బ్యాగులో పెట్టుకుంది. చాలాసేపు నా చేతుల వంకే చూసింది.

"ఇంతకు ముందు ఎంతమందికి చేశారు ఇలాంటి మేలు?"

"ఒక్కరికే" అన్నాను.

అదీ అబద్ధమే.